కుడి పేజీ ఖాళీగా ఉంచకు

నల్లచెరువులో పుట్టి, పాడేరు ఏజెన్సీలో చాలా ఏళ్లు వైద్యం చేసి, మళ్లీ ఈ అరుగు మీదికే చేరాను. రాగి కోసే కొడవలి కంటపడితే నాకు ఇప్పటికీ మైక్రోస్కోపు కింద కొడవలిలా వంగిన సికిల్ సెల్ రోగి ఎర్రకణమే గుర్తొస్తుంది. డాక్టరువై ఆ ఏజెన్సీకే వెళ్తున్నావు గనుక, అమ్మాయీ, నా తప్పుల్లో నాలుగు నీకు చెబుతాను.

1. నొప్పికి రోగి మాటే కొలత.
కాళ్లు పీకుతున్నాయని ఏడ్చిన పిల్లవాడికి వాపు లేదు, జ్వరం లేదు. నటన అనుకున్నాను. వంకర తిరిగిన కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటే ఎముకకు రక్తం అందదు. ఆ బాధ పైకి కనపడదు. తర్వాత వాడు నొప్పి వచ్చినా నాతో చెప్పడం మానేశాడు. నా రికార్డులో మాత్రం వాడికి తగ్గినట్టే ఉంది.

2. రక్తం తీసుకున్నవాడు జవాబు బాకీ.
సర్వే కోసం ఊరూరా నమూనాలు తెచ్చాం. పట్టికలు నిండాయి, వ్యాసం అచ్చయింది, ఫలితాల చీటీలు బీరువాలో ఉండిపోయాయి. రెండేళ్లకు ఒక తల్లి పాలిపోయిన బిడ్డను ఎత్తుకొచ్చి, "అప్పుడు మా ఆలుమగలిద్దరి రక్తమూ తీశారు గదా బాబూ, ఏమొచ్చింది?" అంది. ఇద్దరూ క్యారియర్లే, జబ్బు జన్యువు ఒక్కటే మోసేవాళ్లు. అంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరి పేర్లూ ఒకే పేజీలో దొరికాయి.

3. క్యారియర్ రోగి కాదు.
ఒకసారి ఫలితాలు ఊరందరి ముందు చదివించాను. క్యారియర్ అని తేలిన ఒక పిల్ల పెళ్లి సంబంధం తప్పిపోయింది. అదే ఫలితం వచ్చిన కుర్రాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఒంటి జన్యువు తీవ్ర మలేరియా నుంచి కొంత కాపాడుతుందనీ, ఇద్దరు క్యారియర్లు కలిస్తే బిడ్డకు జబ్బు భయమనీ ముందే విడిగా చెప్పి ఉండాల్సింది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. ఫలితాల కార్డు ఎవరైనా ఇస్తారు, మాట నువ్వు చెప్పాలి.

4. రోగి మంచం దగ్గరికి రాని పరిశోధన సగమే.
వైద్యుడు హెరిక్ ఈ కొడవలి కణాలను వర్ణించింది 1910లో. లోపం హిమోగ్లోబిన్ అణువులో ఉందని రసాయన శాస్త్రవేత్త పౌలింగ్ బృందం చూపింది 1949లో. హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పి దాడులను తగ్గిస్తుందని తేలింది 1995లో. ఆ సంగతి చెప్పిన వ్యాసం నేను చదివాను. కానీ కొండ మీది మనిషికి ఆ మాత్ర నెలనెలా అందేలా, రక్తకణాల లెక్క చూస్తూ ఉండేలా ఏర్పాటు చేయడానికి ఇంకా చాలా ఏళ్లు తీసుకున్నాను. ఆ ఆలస్యం నాది.

పరిశోధనకొకటి, వైద్యానికొకటి అని రెండు పుస్తకాలు పెట్టకు. ఒకటే చాలు: ఎడమ పేజీలో లెక్కలు, కుడి పేజీలో ఆ మనిషికి నువ్వేం చెప్పావో. కుడివైపు ఖాళీగా ఉంటే పేజీ తిప్పకు.