పెరుగు పట్టణములు – తరుగు పట్టణములు

మహాశివరాత్రినాడు శ్రీకాళహస్తిలో కాలు మోపుటకు చోటుండదు. సువర్ణముఖీ తీరమునను, దేవాలయము చుట్టునున్న మాడవీధులలోను, బస్సులు నిలుచు చోటను, రైలుస్టేషనులోను ఎటు చూచినను జనమే. పూలంగళ్లవారికి, ఫలహారశాలలవారికి ఊపిరి సలుపుకొనుటకు తీరిక చిక్కదు. ఉత్సవములు ముగిసిన పదిదినములకు ఆ వీధులనే మరల చూచినవాడు ఆశ్చర్యపడును. అంతమంది జనము ఏమైరి? ఎవరి యూరికి వారు వెడలిపోయిరి. ఆ జనసముద్రములోనుండి ఇచ్చట ఇల్లు అద్దెకు తీసికొని కాపురము పెట్టినవారెందఱని విచారించినచో, వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

యాత్రికుడు వేఱు, నివాసి వేఱు. జనాభా లెక్కలలో ఊరివాడుగా చేరువాడు రెండవవాడే. ఈ భేదమును మఱచినవారికి ఒక పట్టణమేల పెరుగునో, మఱియొక పట్టణమేల తరుగునో బోధపడదు.

1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో తిరుపతి పట్టణమున 15,485 మందియు, కాళహస్తిలో 11,992 మందియు ఉండిరి. రెండును అప్పటి ఉత్తరార్కాటు జిల్లాలోనివే. రెండును పుణ్యక్షేత్రములే. రెంటికిని ఒకే రైలుమార్గము. పైగా కాళహస్తి ఒక పెద్ద జమీందారీకి ముఖ్యస్థానము. ఆ కాలమున ఈ రెండూళ్లను చూచినవాడు వీనిలో ఏది మహానగరమగునో చెప్పజాలడు. 2011వ సంవత్సరపు లెక్కలనాటికి తిరుపతి నగర పరిధిలో సుమారు 2,87,000 మంది ఉండిరి. శ్రీకాళహస్తిలో సుమారు 80,000 మంది. మొదటిది పదునెనిమిదింతలకు పైగా పెరిగెను. రెండవది ఏడింతలకు కొంచెము తక్కువగా పెరిగెను. శ్రీకాళహస్తి తరిగినదని ఎవ్వరును అనరాదు. కాని తోడిదానితో సరితూగలేదు.

ఊరి జనసంఖ్య మాఱుటకు త్రోవలు నాలుగే: పుట్టుట, చచ్చుట, వచ్చుట, పోవుట. ఒకే సీమలోని రెండూళ్లలో పుట్టుక చావులందు అంత భేదముండదు. కావున వచ్చువారిని, పోవువారిని గుఱించియే విచారింపవలెను.

తిరుమలకు వచ్చు యాత్రికుడును దర్శనము చేసికొని వెడలిపోవువాడే. అట్లయినచో తిరుపతి యేల పెరిగెను? యాత్రికుడు పోయినను, అతడు సమర్పించిన కానుక అచ్చటనే నిలిచెను. 1933లో దేవస్థానమునకు పాలకసమితి ఏర్పడిన పిమ్మట ఆ ధనములో కొంతభాగము విద్యాలయములుగాను, ఆసుపత్రులుగాను మాఱెను. 1944లో కొండపైకి ఘాటురోడ్డు తెఱచిరి. అంతకు పూర్వము కాలినడకనో, డోలీలోనో కొండ యెక్కవలసియుండెను. 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాలయు, 1954లో విశ్వవిద్యాలయమును వెలసెను. 1955లో పశువైద్య కళాశాల, 1960లో వైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల, 1983లో మహిళా విశ్వవిద్యాలయము ఒకదాని వెంట నొకటి వచ్చెను.

కళాశాల యొకటి వచ్చినచో ఏమగును? ఉపాధ్యాయులు కుటుంబములతో వత్తురు. వారి పిల్లలకు పాఠశాల కావలెను. కడపనుండియు, మదనపల్లెనుండియు వచ్చిన విద్యార్థులకు బస కావలెను, భోజనము కావలెను. పాలవానికి, చాకలికి, దర్జీకి, పుస్తకముల అంగడివానికి పని దొరకును. వారును ఇండ్లు వెదకికొందురు. ఇల్లు కట్టుటకు తాపీవారు, వడ్రంగులు పల్లెలనుండి వత్తురు. చదువు ముగిసిన విద్యార్థులలో కొందఱు అచ్చటనే ఉద్యోగము సంపాదించుకొని నిలిచిపోవుదురు. ఒక్క జీతము పదిమంది చేతులు మాఱి పది పొయ్యిలు వెలిగించును. శివరాత్రి వ్యాపారము పదిదినములది. కళాశాల వ్యాపారము ఏడాది పొడుగునను ఉండునది.

శ్రీకాళహస్తికి ఈ భాగ్యము అంతగా పట్టలేదు. జమీందారీలు 1948నాటి చట్టముతో రద్దయ్యెను. జమీని ఆశ్రయించియుండిన కచేరి గుమాస్తాలకును, పండితులకును, కళాకారులకును ఆ నీడ తొలగెను. తిరుపతికి దూరము సుమారు 36 కిలోమీటర్లే. బస్సులు పెరిగినకొలది యాత్రికుడు ఉదయము వచ్చి, రాహుకేతు పూజ చేయించుకొని, సాయంకాలమునకు తిరుపతి చేరుచున్నాడు. రాత్రి బస అచ్చట, భోజనమచ్చట. మంచి రోడ్డు చిన్న యూరికి మేలే చేయునని తలంతుము గాని, పెద్ద యూరు దగ్గఱలో నున్నప్పుడు ఆ రోడ్డే వ్యాపారమును అటు లాగికొనిపోవును. అయినను ఈ పట్టణమును పూర్తిగా దేవాలయమే పోషించుచున్నదనుట సరికాదు. తిరుపతి రోడ్డున రాచగున్నేరి వద్ద వెలసిన ఇనుప గొట్టముల కర్మాగారము ఎన్నియో కుటుంబములను ఇచ్చట నిలిపినది.

ఇక కలంకారీ సంగతి. వెదురుకలముతో గుడ్డపై పురాణకథలను వ్రాయు ఈ విద్య శ్రీకాళహస్తికి కీర్తి తెచ్చినది. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి యారవేయుదురు. బెల్లపు నీట ఇనుపముక్కలను నానవేసి నలుపురంగు తీయుదురు. పటిక పూసి, వేళ్లతోడను బెరళ్లతోడను ఉడికించి ఎఱుపు తెత్తురు. మాటిమాటికి ఉతుకవలెను. అదియును పాఱునీటిలోనే ఉతుకవలెను. నిలిచిన నీటిలో ఉతికినచో వదలిన పటిక తిరిగి గుడ్డ నంటుకొని మఱకలు పడును. ఈ పని సువర్ణముఖి ఒడిలో పుట్టినదగుటకు కారణమిదియే. విద్య క్షీణించుచుండగా 1957లో ఇచ్చట శిక్షణకేంద్రమును నెలకొల్పిరి. ఈ విద్యలో పేరొందిన జొన్నలగడ్డ గుఱప్పశెట్టికి 2008లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చినది. ఏటిలో మాత్రము నీరు పాఱు దినములు తగ్గినవి. పనివాని చేతిలో నేర్పున్నది, విద్యకు గౌరవమున్నది; గుడ్డ నుతుకుటకు పాఱునీరు కఱవైనది. ఒక గుడ్డకు వారములకొలది శ్రమించు తండ్రిని చూచిన కుమారుడు నెలజీతమునకు తిరుపతికో, చెన్నపట్నమునకో పోయినచో అతనిని తప్పుపట్టుట ఎట్లు?

కీర్తి ఒక్కటియే ఊరిని నిలుపలేదనుటకు చంద్రగిరియే సాక్షి. విజయనగర రాజ్యము క్షీణదశ నందినప్పుడు అరవీటి ప్రభువులకు అది రాజధాని. ఆ రోజులలో, 1639లో, దామెర్ల నాయకుల యనుమతిపై ఇంగ్లీషువారు సముద్రతీరమున ఇసుకనేలను కొంత పొందిరి. అదియే చెన్నపట్నమునకు నాంది. రాజులు పోయిరి, రాజధానియైన చంద్రగిరి చిన్న యూరై మిగిలెను. ఇసుకనేల మహానగరమయ్యెను. చంద్రగిరి ఇటీవల మరల నిండుచున్నది. అది రాజమహలు వలన గాదు, తిరుపతికి ఆనుకొనియుండుట వలన.

ఈ జిల్లావారెందఱికో ఒకప్పుడు అన్నము పెట్టిన మఱియొక పట్టణము కోలారు బంగారుగనులు. 1880నుండి జాన్ టైలర్ కంపెనీవారు అచ్చట గనులు త్రవ్వించిరి. చిత్తూరు, ఉత్తరార్కాటు పల్లెలనుండి కఱవునకు తాళలేని కూలీలు కుటుంబములతో తరలిపోయిరి. 1902లోనే శివసముద్రమునుండి అచ్చటికి విద్యుచ్ఛక్తి వచ్చెను. గనులు మూడు కిలోమీటర్లకు మించి లోతునకు దిగెను. లోతు పెరిగినకొలది ఖర్చు పెరిగెను, బంగారము తగ్గెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడెను. తాత, తండ్రి, కుమారుడు ఒకే గనిలో దిగిన యిండ్లలో పనియే లేకపోయెను. పట్టణము పాడుపడునని పలువురు తలంచిరి. కాని యట్లు జరుగలేదు. వేలమంది తెల్లవాఱకమునుపే రైలెక్కి బెంగుళూరికి పోయి పనిచేసి, రాత్రికి ఇల్లు చేరుకొనుచుండిరి. కడుపు నింపినది బెంగుళూరు, తల దాచుకొన్నది కోలారు. పుట్టినచోటును విడుచుట మనుష్యునకు అంత సులభము గాదు.

అమెరికా దేశమునందును ఇట్టి కథలే గలవు. మోటారుకార్ల తయారీకి ప్రసిద్ధి గాంచిన డెట్రాయిట్ నగరమున 1950లో 18,49,568 మంది నివసించిరి. 2020నాటికి 6,39,111 మంది మాత్రమే మిగిలిరి. కర్మాగారములు వేఱు చోట్లకు తరలినవి. యంత్రములు పెరిగి మనుష్యుల యవసరము తగ్గినది. జాతివైషమ్యములు నగరమును చీల్చినవి. అయితే ఒక్క మాట గమనింపదగినది. డెట్రాయిటును విడిచినవారిలో చాలమంది దూరము పోలేదు. చుట్టునున్న పేటలకే మాఱిరి. శివారులతో కలిపి లెక్కించినచో ఆ మహానగర ప్రాంతమున నేటికిని నలువది లక్షలకు పైగా జనమున్నారు. తిరుపతి విషయమునను ఇట్టిదే. 2011లో నగరపు టెల్లలు దాటి శివారు గ్రామములను గూడ కలిపినచో జనసంఖ్య సుమారు 4,60,000. ఎల్ల ఎక్కడ గీచితిమను దానిని చూడక, ఊరు పెరిగినదనియు, తరిగినదనియు చెప్పరాదు.

ఉక్కునకు పేరుపడిన పిట్స్‌బర్గ్ చరిత్ర శ్రీకాళహస్తివారికి మఱింత యాసక్తి కలిగింపవచ్చును. ఆ నగరమునకు సమీపమున పెన్ హిల్స్ అనుచోట 1976-77 సంవత్సరములలో శ్రీ వేంకటేశ్వరాలయము వెలసినది. అమెరికా నలుమూలలనుండి తెలుగువారు, తమిళులు వందలమైళ్లు కారులో వచ్చి స్వామిని సేవించుకొనుచుండిరి. సరిగా ఆ దినములలోనే ఉక్కు కర్మాగారములు మూతపడి, పిట్స్‌బర్గ్ ప్రాంతమునుండి పనివారు వలసపోవుచుండిరి. యాత్రికులు వచ్చుచుండిరి, నివాసులు పోవుచుండిరి! తరువాత ఆ నగరము విశ్వవిద్యాలయములను, వైద్యాలయములను ఆధారము చేసికొని కొంత కుదుటపడినది.

ఉద్యోగములు, విశాలమైన నేల, ఇతర మహానగరములకంటె తక్కువ ధరకు ఇండ్లు దొరకుట వలన దక్షిణమున టెక్సస్ రాష్ట్రములోని డాలస్ ప్రాంతము పెరిగి, 2020నాటికి 76 లక్షలు దాటినది. తెలుగువారును అచ్చట అధికముగా స్థిరపడిరి. వారు మొదట పని వెదకికొని పోయిరి. గుడులు తరువాత కట్టుకొనిరి.

పెరిగిన యూరికిని కష్టములు లేకపోలేదు. తిరుపతికి కల్యాణి జలాశయము చాలక తెలుగుగంగ నీటిని తెచ్చుకొనవలసివచ్చినది. అద్దెలు పెరుగగా చిన్న జీతగాడు శివారులకు జరిగిపోవుచున్నాడు. ఆ శివారులు తూర్పునకును సాగుచున్నవి. 2015లో మంజూరైన ఐ.ఐ.టి., సైన్సు పరిశోధన విద్యాసంస్థ రెండును రేణిగుంటకు, శ్రీకాళహస్తికి నడుమనున్న ఏర్పేడు ప్రాంతమునకు వచ్చినవి. 2022లో శ్రీకాళహస్తి క్రొత్త తిరుపతి జిల్లాలో చేరినది. ఏర్పేడులో పనిచేయువాడు ఎచ్చట కాపురముండును? తిరుపతిలోనా, శ్రీకాళహస్తిలోనా? మంచి పాఠశాల, త్రాగునీరు, తగిన అద్దె ఏ యూరిలో దొరకునో అచ్చటనే యుండును.

2011 తరువాత 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. గణకుడు ఇంటికి వచ్చినప్పుడు పేరు, వయస్సు మాత్రమే యడుగడు. జన్మస్థానమేది, ఇంతకు పూర్వమెచ్చట నుంటిరి, వచ్చుటకు కారణమేమి యని కూడ అడుగును. వివాహమని స్త్రీలలో అనేకులును, పని యని పురుషులలో పెక్కురును చెప్పుదురు. శ్రీకాళహస్తిలో కలము పట్టిన ముసలితండ్రి తాను పుట్టినది ఈ వీధిలోనే యని చెప్పును. బెంగుళూరిలో నున్న కుమారుని మాత్రము ఈ పుస్తకములో వ్రాయింపజాలడు. అతని పేరు అచ్చటి పుస్తకములో చేరును, జన్మస్థానమున్న గడిలో శ్రీకాళహస్తి యని వ్రాయబడును.