విషం నిండిన నేలను శుభ్రం చేసే కొలువులు

2025 జనవరి 1 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పాత ఫ్యాక్టరీ నుంచి 12 కంటైనర్ లారీలు బయల్దేరాయి. ముందూ వెనకా పోలీసు వాహనాలు, దారి పొడవునా ట్రాఫిక్ ఆపేసిన గ్రీన్ కారిడార్. లారీల్లో ఉన్నది 337 టన్నుల విషపు చెత్త. గమ్యం సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్ వ్యర్థాల దహన కేంద్రం. 1984 డిసెంబరులో గ్యాస్ లీకైన ఫ్యాక్టరీ నుంచి ఈ చెత్త గేటు దాటడానికి 40 ఏళ్లు పట్టింది. అదీ హైకోర్టు నాలుగు వారాల గడువు పెట్టాకే!

ఆ వార్తను అందరూ రాజకీయంగా చూశారు. కెరీర్ వెతుక్కుంటున్న విద్యార్థి చూడాల్సిన కోణం వేరే ఉంది. ఈ పని చేసిందెవరు?

చెత్తను సంచుల్లో నింపి లారీలకు ఎక్కించడానికి దాదాపు వంద మందిని పెట్టారు. రక్షణ దుస్తులు వేసుకుని అరగంట పని, ఆ తర్వాత విశ్రాంతి. అంతకుమించి లోపల ఉండనివ్వలేదు. 337 టన్నుల్లో 162 టన్నులు కలుషిత మట్టి, 92 టన్నులు సెవిన్ అనే పురుగుమందు, నాఫ్తాల్ అవశేషాలు, 54 టన్నులు సగం తయారైన పురుగుమందు, 29 టన్నులు రియాక్టర్ వ్యర్థాలు. ఈ లెక్క తేల్చింది కెమిస్టులు. పీథంపూర్‌లో ముందు గంటకు 135 కిలోలు, తర్వాత 180, ఆపైన 270 కిలోల చొప్పున కాల్చి చూశారు. పొగగొట్టంలోంచి ఏమొస్తోందో కొలిచాకే మిగతాది కాల్చడం మొదలుపెట్టారు. ఆ కొలతలు చూసింది ఇన్సినరేటర్ ఆపరేటర్లు, కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీర్లు. 2025 జూన్ చివరికి దహనం పూర్తయింది. పొగను శుద్ధి చేయడానికి వాడే సున్నం లాంటివి కూడా కలవడంతో చివరికి 800 టన్నులకు పైగా అవశేషం మిగిలింది. దాన్ని పూడ్చడం మళ్లీ వేరే నిపుణుల పని. ఇంతకీ ఆ పీథంపూర్ కేంద్రాన్ని నడిపేది మన హైదరాబాద్ కేంద్రంగా ఉన్న రీ సస్టైనబిలిటీ సంస్థ. ఒకప్పుడు దాని పేరు రాంకీ ఎన్విరో.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. భోపాల్ ఫ్యాక్టరీ ఆవరణలో దాదాపు 11 లక్షల టన్నుల మట్టి కలుషితమైందని నాగ్‌పూర్‌లోని నీరి, హైదరాబాద్ ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలు 2010లో అంచనా వేశాయి. లారీల్లో వెళ్లింది పైపైన ఉన్నది మాత్రమే.

ఇలాంటి చోట్లు దేశంలో చాలా ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాబితాలోనే 103 కలుషిత స్థలాలున్నాయి. 2025 జులై నాటికి వాటిలో శుద్ధి పనులు మొదలైనవి ఏడే. మన దగ్గరా ఈ పని కొత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన ప్రాజెక్టుకు కాటేదాన్ దగ్గరి నూర్ మహమ్మద్ కుంటనూ, కడప డంపింగ్ యార్డునూ ఎంచుకున్నారు. ఇక పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చెరువులు పరిశ్రమల వ్యర్థాలతో కలుషితమైన సంగతి తెలుగు పాఠకులకు చెప్పక్కర్లేదు.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానాస్పద స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తించాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక పరీక్ష చేయాలి, ఆ తర్వాత పూర్తి సర్వే, శుద్ధి ప్రణాళిక. ఖర్చు కాలుష్యం చేసినవాడిదే. ప్రతి దశకూ నమూనాలు కావాలి, ల్యాబ్ నివేదికలు కావాలి. అంటే మనుషులు కావాలి. రేపటికల్లా వేల ఉద్యోగాలు పుడతాయని మాత్రం చెప్పను. నిబంధన కాగితం మీదికి వచ్చినంత వేగంగా టెండర్ రాదు.

ఈ రంగం అనగానే ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ఒక్కటే గుర్తొస్తుంది. నన్నడిగితే ఇక్కడ మొదటి అవసరం మట్టి నమూనాను తప్పు లేకుండా తీయగల మనిషి. ఆగర్‌తో రంధ్రం చేసి ఒక్కో లోతు నుంచి మట్టి తీస్తారు. ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు గ్లోవ్స్ మార్చాలి, ఆగర్ కడగాలి. లేకపోతే మొదటి గుంటలోని విషం రెండో గుంట లెక్కలోకి ఎక్కుతుంది. త్వరగా ఆవిరయ్యే రసాయనాల కోసం నీటి నమూనా తీస్తే గాజు సీసాలో గాలి బుడగ కూడా మిగలకూడదు. ఐస్ పెట్టెలో పెట్టి, ఎవరు తీశారో, ఎన్ని గంటలకో, ఎవరి చేతికి ఇచ్చారో ఫారంలో రాసి సంతకం చేయాలి. ఆ ఒక్క సంతకం లేదంటే కోర్టులో కంపెనీ లాయర్ ఆ నివేదికను పక్కన పడేయిస్తాడు. బీఎస్సీ కెమిస్ట్రీ, జియాలజీ చదివి "మాకేం ఉద్యోగాలున్నాయి సార్" అని నిట్టూర్చేవాళ్లు ఈ పని నేర్చుకుంటే పనికొస్తారు. నమూనాల్లోని రసాయనాలను, లోహాలను కొలిచే జీసీ-ఎంఎస్, ఐసీపీ-ఎంఎస్ యంత్రాలు నడపడం వస్తే ఇంకా మంచిది.

బీటెక్ కెమికల్, సివిల్ చేసినవాళ్లకు శుద్ధి ప్రణాళిక తయారీ, ల్యాండ్‌ఫిల్ డిజైన్, ఇన్సినరేటర్ నిర్వహణ ఉంటాయి. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. ఎమ్మెస్సీ వాళ్లూ రాయొచ్చు. భూగర్భ జలాల్లో కాలుష్యం ఎటు పాకుతోందో చెప్పే హైడ్రోజియాలజిస్టులు అరుదు కాబట్టి జియాలజీ పీజీకి విలువ ఉంది. ఏపీ కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్, అనలిస్ట్ పోస్టులకు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్లు ఇచ్చింది. తెలంగాణ మండలి ప్రకటనలనూ గమనిస్తూ ఉండండి. నీరి, ఎన్‌జీఆర్‌ఐల్లో ప్రాజెక్టు అసోసియేట్ పోస్టులు తాత్కాలికమే అయినా అనుభవానికి మంచి చోట్లు. ప్రైవేటులో అయితే దుండిగల్, పరవాడల్లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు, పర్యావరణ కన్సల్టెన్సీలు ఉన్నాయి.

డిప్లొమా వాళ్లకు సేఫ్టీ వైపు దారి ఉంది. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా నడుపుతాయి.

ఎంఎస్ కోసం అమెరికా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అక్కడ కలుషిత స్థలాల శుద్ధి కోసం 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం వల్ల ఇదొక పాత, స్థిరపడిన వృత్తి. సైట్‌లో అడుగుపెట్టాలంటే సాధారణంగా ప్రమాదకర వ్యర్థాల మధ్య భద్రంగా పనిచేయడం నేర్పే 40 గంటల హాజ్‌వోపర్ శిక్షణ, ఏటా 8 గంటల రిఫ్రెషర్ ఉండాలి.

ఇష్టం లేకున్నా చెప్పాల్సింది ఒకటుంది. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే మొదటి నాలుగైదేళ్లు నిరాశే. ఎండలో రబ్బరు బూట్లు, ముఖానికి రెస్పిరేటర్‌తో నిలబడాలి. ఊరివాళ్ల కోపాన్నీ ఎదుర్కోవాలి. భోపాల్ చెత్త వస్తోందని తెలియగానే పీథంపూర్‌లో జనం రోడ్డెక్కారు, ఇద్దరు ఒంటికి నిప్పంటించుకోబోయారు. వాళ్ల భయం అర్థంలేనిదని కొట్టిపారేసే ఇంజినీరు ఈ రంగంలో రాణించలేడు. కొలతల ఫలితాలను మామూలు మాటల్లో ఊరివాళ్లకు చెప్పగలగడం కూడా ఇక్కడ ఉద్యోగార్హతే.

ఇంటర్వ్యూ ముగిసేటప్పుడు "మీరేమైనా అడుగుతారా?" అంటారు కదా, మొహమాట పడకండి. రెస్పిరేటర్ ఫిల్టర్లు ఎన్నాళ్లకు మారుస్తారు? చేరినప్పుడూ, ఏటా రక్త పరీక్షలు చేయిస్తారా? ఆ రిపోర్టు ఉద్యోగి చేతికిస్తారా? కాంట్రాక్టు కూలీలకూ అదే రక్షణ ఉందా? ఈ ప్రశ్నలకు వెంటనే జవాబివ్వలేని సంస్థ జీతం ఎంత ఎక్కువిస్తానన్నా అందులో చేరకండి.