దత్తాంశ గిడ్డంగి – పేరుల చిక్కు

పూర్వము మన ఊళ్ళలోని వర్తకుల దుకాణములందు రెండు పుస్తకములు తప్పక ఉండెడివి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. ఉదయము అంగడి తలుపు తీసినది మొదలు రాత్రి మూయువరకు జరిగిన ప్రతి జమను, ప్రతి ఖర్చును జరిగిన వరుసలోనే చిట్టాలో వ్రాసెడివారు. తరువాత గుమాస్తా ఆ పద్దులను ఒక్కొక్కటిగా తీసి, ఎవరి పేరిట చేరవలెనో వారి పేరిట ఆవర్జాలోనికి ఎక్కించెడివాడు. ‘ఈ దినము ఏమి జరిగినది?’ అను ప్రశ్నకు చిట్టా సమాధానము చెప్పును. ‘ఫలానా రైతు మూడేండ్లుగా మనకు ఎంత బాకీ ఉన్నాడు?’ అను ప్రశ్నకు ఆవర్జా సమాధానము చెప్పును.

నేడు కంప్యూటరు రంగమున తరచుగా వినబడు ‘డేటా వేర్‌హౌస్’, ‘బిజినెస్ ఇంటెలిజెన్స్’ అను మాటల సారము ఈ రెండు పుస్తకముల భేదములోనే కలదు. మొదటిదానిని మనము దత్తాంశ గిడ్డంగి అని, రెండవదానిని వ్యాపార ప్రజ్ఞ అని పిలుచుకొందము. తెలుగు బోధించువారికి ఈ విషయముతో పని ఏమని విద్యార్థులు అడుగవచ్చును. ఈ విద్యలోని కఠినమైన చిక్కు యంత్రములో లేదు. మాటలలోను, పేర్లలోను ఉన్నది. ఆవర్జా, జమ, ఖర్చు, బాకీ, వసూలు అను మాటలు పారసీక, అరబీ భాషల నుండి ఉర్దూ దఫ్తరుల మీదుగా తెలుగు లెక్కలలో స్థిరపడినవే. రెండు భాషలు కలిసి చదువుకొను మన కళాశాలకు ఈ విషయము పరాయిది కాదు.

చరిత్ర

వ్యాపార ప్రజ్ఞ అను భావమునకు కంప్యూటరు యుగమున రూపము కల్పించినవాడు ఐ.బి.ఎం. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్. ఒక సంస్థకు వచ్చిపడు పత్రములను యంత్రమే సంక్షేపించి, వాని అవసరము ఎవరికి కలదో వారికి చేరవేయవలెనని ఆయన 1958లో ఒక వ్యాసమున ప్రతిపాదించెను. అదే సంస్థలో పనిచేసిన ఇ.ఎఫ్. కాడ్ 1970లో, దత్తాంశమును అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టికలుగా భావించు పద్ధతిని ప్రకటించెను. నేటి డేటాబేసులలో అధికభాగము ఆ పునాదిపైననే నిలిచియున్నవి. 1988లో బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ అనువారు ఐ.బి.ఎం. పత్రికలో వ్యాపార దత్తాంశ గిడ్డంగి నిర్మాణమును వివరించిరి. 1989లో హోవర్డ్ డ్రెస్నర్ ‘బిజినెస్ ఇంటెలిజెన్స్’ అను పేరును వ్యాప్తిలోనికి తెచ్చెను. పిదప బిల్ ఇన్మన్ 1992లోను, రాల్ఫ్ కింబాల్ 1996లోను వెలువరించిన గ్రంథములు ఈ విద్యకు పాఠ్యగ్రంథములైనవి.

నిర్మాణము

ఇన్మన్ గిడ్డంగికి నాలుగు లక్షణములు చెప్పెను. అది విషయప్రధానమై ఉండవలెను. అనగా శాఖలవారీగా గాక, కొనుగోలుదారు, సరుకు మొదలగు విషయములవారీగా అమరవలెను. పలుచోట్ల నుండి వచ్చిన వివరములు ఒకే రూపమున ఏకీకృతము కావలెను. ప్రతి వివరమునకు కాలము ముడిపడియుండవలెను. ఒకసారి చేరిన పద్దు చెరగక స్థిరముగా నిలువవలెను.

చిట్టా నుండియే సమాధానములు వెదకరాదా అను సందేహము కలుగవచ్చును. బ్యాంకు కౌంటరు వద్ద వందలమంది నిలిచియున్న వేళ, పదేండ్ల లెక్కలన్నియు తిరుగవేయు పెద్ద ప్రశ్నను అదే యంత్రమునకు వేసినచో కౌంటరు పని మందగించును. కావున నిత్య వ్యవహారమునకు ఒక చోటు, విచారణకు వేరొక చోటు ఏర్పరచిరి.

కింబాల్ చూపిన మార్గమును మన కళాశాల రుసుముల ఉదాహరణతో గ్రహింపవచ్చును. ఎంత రుసుము చెల్లినదను అంకె నడుమ పట్టికలో ఉండును. ఎవరు చెల్లించిరి, ఏ తరగతి, ఏ తేదీ, ఏ విధమైన రుసుము అను వివరణలు చుట్టునున్న పట్టికలలో ఉండును. గీసి చూచినచో నడుమ ఒకటి, చుట్టు నాలుగుగా నక్షత్రమువలె కనబడును గనుక దీనికి నక్షత్ర నిర్మాణమని పేరు వచ్చినది. ‘గత ఐదేండ్లలో రెండవ సంవత్సరపు రుసుము చెల్లింపక చదువు మానిన బాలికలు ఎందరు?’ అని అడిగినచో, చుట్టు పట్టికలలోని వివరణలను పట్టుకొని నడుమనున్న అంకెలను కూడి సమాధానము పొందవచ్చును.

శుద్ధి

ధాన్యమును తూర్పారబట్టకుండ ఎవరును గాదెలో పోయరు. ఇచ్చటను మూడు పనులు కలవు: మూలము నుండి తీయుట, శుద్ధిచేసి ఒక రూపమునకు తెచ్చుట, గిడ్డంగిలో నింపుట. శుద్ధియే వీనిలో శ్రమతో కూడినది. ‘సంవత్సరము’ అను ఒక్క మాటను చూడుడు. లెక్కల శాఖకు అది ఏప్రిల్ నుండి మార్చి వరకు. విద్యార్థికి ప్రవేశము నుండి పరీక్షల వరకు. గోడ క్యాలెండరుకు జనవరి నుండి డిసెంబరు వరకు. ఈ మూటిలో దేనిని గ్రహించవలెనో ముందుగా నిర్ణయింపకున్న యంత్రము తప్పుడు మొత్తమును సైతము చక్కగా అచ్చువేసి ఇచ్చును.

పేరుల చిక్కు

మాటలకంటె పేర్లు మరింత కష్టమైనవి. ఒకే పేరు పదవ తరగతి ధ్రువపత్రమున ‘మొహమ్మద్’ అని, రేషను కార్డున ‘మహమ్మద్’ అని, బ్యాంకు పుస్తకమున ‘ఎండి.’ అని ఉండుట మన ఇండ్లలో అందరు ఎరిగినదే. ఉర్దూలో ఒకే విధముగా వ్రాయబడు పేరు రోమను లిపిలోనికి వచ్చునప్పటికి వ్రాసిన గుమాస్తా చెవినిబట్టి మారిపోవును.

ఇట్టి భేదములను కలుపుటకు అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనువాడు 1918లోనే ఒక ఉపాయమునకు పేటెంటు పొందెను. నేడు వాడుకలోనున్న సౌండెక్స్ దాని నుండి వచ్చినదే. రోమను లిపిలో పేరుయొక్క మొదటి అక్షరమును అట్లే ఉంచి, అచ్చులను, ‘హెచ్’ వంటి అక్షరములను వదలి, మిగిలిన హల్లులకు 1 నుండి 6 వరకు అంకెలనిచ్చుట దీని పద్ధతి. ‘ఎం’కు 5, ‘డి’కి 3. జంట అక్షరములు ఒకసారే లెక్కకు వచ్చును. మూడంకెలు నిండనిచో సున్నలు చేర్చుదురు. ఈ లెక్కన మొహమ్మద్, ముహమ్మద్, మహమ్మద్ అను మూడు రూపములకు ‘ఎం530’ అను ఒకే సంకేతము వచ్చును. ఉపాయము ఫలించినది.

అయితే ‘ఎండి.’కి ‘ఎం300’ వచ్చును. అనగా అదే మనిషి మరల వేరైపోయెను. మహమూద్ అనునది మరొక పేరు. దానికి మాత్రము ‘ఎం530’ వచ్చును. అనగా వేరు మనిషి వచ్చి కలిసిపోయెను. ఒకనిని ఇద్దరుగా చీల్చుట ఒక దోషము. ఇద్దరిని ఒకనిగా కలుపుట రెండవ దోషము. ఒకదానిని తగ్గింపబోయిన రెండవది పెరుగును.

మొదటి దోషమును మేము కన్నులార చూచితిమి. మా తరగతిలోని ఒక విద్యార్థిని ఉపకారవేతన దరఖాస్తు, తండ్రి పేరు రెండు కాగితములలో రెండు విధములుగా ఉన్నదను కారణమున తిరిగివచ్చినది. దినకూలి చేయు ఆ తండ్రి మూడు దినముల పని మానుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చెను.

రెండవ దోషము మరింత భయంకరమైనది. తెలంగాణ ప్రభుత్వము వివిధ శాఖల దత్తాంశములను వ్యక్తివారీగా కలుపుటకు ‘సమగ్ర వేదిక’ అను వ్యవస్థను నెలకొల్పినది. హైదరాబాదులో రిక్షా త్రొక్కి జీవించిన ఒక పేదవానిని, దాదాపు అదే పేరు గల కారు యజమానిగా ఆ వ్యవస్థ భావించుటచే ఆ కుటుంబమునకు రేషను నిరాకరింపబడినదని 2024లో పత్రికలు వెల్లడించినవి. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రమున రద్దయిన సుమారు 19 లక్షల ఆహార భద్రత కార్డులను క్షేత్రస్థాయిలో మరల పరిశీలింపుమని సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ రద్దులన్నియు పేరుల పొరపాటు వలననే జరిగినవని మేము అనము. కాని యంత్రము ‘వీడే వాడు’ అని చెప్పినంతమాత్రమున ఇంటి తలుపు తట్టి అడుగకుండ అన్నము తీసివేయరాదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

నేటి స్థితి

ఈ రంగమున సంస్థలు చేతులు మారుట సర్వసాధారణము. 2007 ఒక్క సంవత్సరములోనే హైపీరియన్‌ను ఒరాకిల్, బిజినెస్ ఆబ్జెక్ట్స్‌ను శాప్, కాగ్నోస్‌ను ఐ.బి.ఎం. తీసుకొనుచున్నట్లు ప్రకటించినవి. 2019లో టాబ్లో, 2025లో ఇన్ఫర్మేటికా సేల్స్‌ఫోర్స్ వశమైనవి. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రములలో ఈ పరికరములను నేర్చి ఉద్యోగము సంపాదించిన తెలుగు యువకులు ఎందరో కలరు. పరికరము పేరు మారినను శుద్ధి, ఏకీకరణము అను పనులు మారవు గనుక ఆ మూలమును నేర్చినవారికి భయము లేదు.

వృత్తివారు కలిసి నేర్చుకొను సభలు సైతము ఈ రంగమునకు బలము. 1995లో ది డేటా వేర్‌హౌసింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినది. 1999లో ఏర్పడిన పాస్ అను సంఘము 2021 జనవరిలో మూతపడినను, 2007లో అమెరికాలోని ఓర్లాండోలో మొదలైన ‘ఎస్.క్యు.ఎల్. శాటర్డే’ అను ఒక్కరోజు సభలు దానితో అంతరింపలేదు. శనివారము నాడు పనిచేయువారే వచ్చి, తమ పనిలో ఎదురైన చిక్కులను తోటివారికి బోధించుట వీని పద్ధతి. అట్టి శనివారమొకటి మన కళాశాలలోను జరుపుకొనవచ్చును.

మన కర్తవ్యము

కళాశాల కమిటీవారికి మా విన్నపములు మూడు. ప్రతి విద్యార్థిని ప్రవేశ సంఖ్యతోనే గుర్తించి, పేరుతో గుర్తించు పద్ధతి మానవలెను. ప్రవేశము నాడే పేరును ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు లిపులలో వ్రాయించి, ధ్రువపత్రములందలి ఇతర రూపములనుగూడ ఆ సంఖ్య క్రిందనే చేర్చవలెను. పేరు సరిపోలదను కారణమున ఏ దరఖాస్తునైనను త్రిప్పిపంపుటకు ముందు ఒక మనిషి ఆ విద్యార్థిని పిలిచి విచారింపవలెను. దీనికి ధనవ్యయము స్వల్పము. పోస్ట్‌గ్రెస్, సూపర్‌సెట్ వంటి సాధనములు ఉచితముగా లభించును.

ప్రియ విద్యార్థులారా! 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టము, తన గురించిన తప్పు వివరమును సరిదిద్దించుకొను హక్కును పౌరునికి కల్పించినది. ముందు మీ కాగితములను ఒకచోట పరచి మీ పేరు ఎన్ని విధములుగా ఉన్నదో చూచుకొనుడు. పిమ్మట కంప్యూటరు నేర్చినవారు, ఉర్దూ చదివినవారు, తెలుగు చదివినవారు కలిసి కళాశాల పేర్ల పట్టికను సిద్ధము చేయుడు. రెండు లిపులెరిగిన మీకు ‘ఎండి.’ అనగా ఎవరో ఒకరు చెప్పనక్కరలేదు. యంత్రమునకు చెప్పవలెను, అది మీరు చేయదగిన పని. వచ్చే సంచికలో ఆ పట్టికను గూర్చి మీరే వ్రాయుదురని ఆశించుచున్నాము.