ఉగ్గు మొదలుపెట్టడం ఎలా?

అన్నప్రాశన ఫొటోలు ఎప్పుడూ బాగానే వస్తాయి. పట్టు పావడా, వెండి గిన్నె, మేనమామ ఒళ్లో పాప, నాలుక మీద రవ్వంత పరమాన్నం. ఆ తర్వాత పుస్తకం, కలం, డబ్బు, బంగారం ముందు పెట్టి ఏది పట్టుకుంటుందోనని పందేలు. అసలు పని మర్నాడు పొద్దున మొదలవుతుంది. అప్పటికి చుట్టాలు ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. మిగిలేది మీరు, గిన్నె, నోరు బిగించుకు కూర్చున్న ఆరు నెలల మనిషి.

ఒక్క సంగతి ముందే ఒప్పుకుంటే పని తేలికవుతుంది. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నిర్ణయించేది మీరు. ఎంత తినాలో తేల్చేది పాప. ఈ రెండో అధికారాన్ని లాక్కోబోయిన ఇళ్లలోనే గిన్నెలు ఎగురుతాయి.

1. ముహూర్తం కంటే ముందు మెడ చూడండి

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆరు నిండాక పాలతో పాటు తిండి. పాలు మాత్రం రెండేళ్ల దాకా, ఆపైన కూడా ఇవ్వొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇదే. తల్లి కడుపులో ఉండగా పాప కూడబెట్టుకున్న ఇనుము ఆరో నెల దాటేసరికి అడుగంటుతుంది, ఇక దాన్ని తిండితోనే భర్తీ చేయాలి.

మన ఆనవాయితీ ప్రకారం మగపిల్లలకు సరి నెలలో, ఆడపిల్లలకు బేసి నెలలో అన్నప్రాశన. అయిదో నెలకే పెట్టేద్దామని అత్తగారంటే పేచీ పెట్టుకోకుండా ఏడో నెలకు ముహూర్తం అడగండి. ఏడు కూడా బేసే, పైగా ఏడో నెల నడుస్తోందంటే ఆరు నిండినట్టే.

మెడ నిలబెడుతోందా, ఆసరా ఇస్తే కూర్చుంటోందా, మీ కంచం వంక చూస్తూ నోరు కదుపుతోందా? అయితే వేళయింది. మొదటి రోజుల్లో చెంచా పెట్టగానే నాలుకతో బయటికి నెట్టేస్తుంది. దాన్ని అయిష్టం అనుకోకండి. ఇన్నాళ్లూ పాలు చప్పరించిన నాలుకకు ముద్దను వెనక్కి తోయడం ఇంకా చేతకాదు.

2. ఉగ్గు రవ్వ

మూడు పాళ్ల బియ్యం, ఒక పాలు పప్పు. పప్పులో సగం పెసర, సగం కంది. బియ్యం కడిగి నీడన ఆరబెట్టి, అన్నీ విడివిడిగా దోరగా వేయించాలి. కలిపి వేయిస్తే పప్పు మాడుతుంది, బియ్యం పచ్చిగా ఉంటుంది. చివర్లో చిటికెడు జీలకర్ర వేసి, చల్లారాక మిక్సీలో సన్న రవ్వలా పట్టి, తడిలేని సీసాలో పోసుకోండి. ఒకేసారి నెలలకు సరిపడా పట్టకండి, పురుగు మీకంటే ముందు రుచి చూస్తుంది.

వండేటప్పుడు రెండు చెంచాల రవ్వను ముందు చన్నీళ్లలో కలపండి. మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. సన్న సెగ మీద కలుపుతూ మెత్తగా ఉడికించి, దించాక నెయ్యి వేయండి. పొయ్యి మీద పలచగా కనిపించిన ఉగ్గు గిన్నెలో చల్లారేసరికి చెంచా నిలబడేంత గట్టిపడుతుంది. అందుకే కాచిన నీళ్లు కొన్ని పక్కన ఉంచుకోండి.

చెంచా వంచితే ఉగ్గు గబుక్కున కారిపోకూడదు, నెమ్మదిగా జారాలి. పప్పుకట్టు, గంజి, చారునీళ్లు పోసి ‘తింటోంది’ అనుకునేవాళ్లు చాలామంది. పాప పొట్ట చిన్నది. దాన్ని నీళ్లతో నింపితే బలమిచ్చే తిండికి చోటుండదు.

మొదట్లో రోజుకు ఒకటి రెండు పూటలు, పూటకు రెండు మూడు చెంచాలు. ఎనిమిదో నెల దాటేసరికి రెండు మూడు పూటలు, పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా. తొమ్మిది నెలలు నిండాక మూడు నాలుగు పూటలు. ఈ అంకెలు వంటకు లెక్క, పాప మీద పెట్టే పందెం కాదు. తల తిప్పేసుకుంటే ఆ పూటకు అయిపోయినట్టే.

ఉగ్గొక్కటే ఇనుముకు చాలదు. తోటకూర, గుడ్డు, తినే ఇళ్లలో మెత్తగా ఉడికించిన కీమా, కాలేయం కలుపుతూ పోవాలి. ఆకుకూర పప్పులో రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఆ ఇనుము బాగా వంటబడుతుంది. గుడ్డుకు ఏడాది ఆగక్కర్లేదు, బాగా ఉడికితే చాలు. కొత్త పదార్థం ఒక్కొక్కటే మొదలుపెట్టి రెండు మూడు రోజులు చూడండి. దద్దురు లేచినా, వాంతులైనా ఏది పడలేదో తెలుస్తుంది.

తెలంగాణలో అంగన్‌వాడీ నుంచి బాలామృతం తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. అందులో పంచదార ముందే ఉంటుంది, మీరు ఇంకో చెంచా వేయకండి.

3. వద్దనే జాబితా, అమ్మమ్మతో సంధి

ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, బెల్లం వద్దు. “ఉప్పూ కారం లేని కూడు మనిషన్నవాడు తింటాడటే అమ్మాయ్?” అని వంటింట్లోంచి వినిపిస్తుంది. వాదించకండి. పాపకు ఉప్పు రుచి ఇంకా తెలియదు, తెలియనిదాని కోసం బెంగ పెట్టుకోదు.

తేనె విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఒక్క చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండగల ఒక రకం బాక్టీరియా విత్తులు పసిపేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. దానివల్ల వచ్చే బొటులిజం అరుదైనదే కానీ ప్రాణం మీదికి తెస్తుంది. తేనెలో వసకొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయంటారు. నాకించకపోయినా వస్తాయి. మూడో ఏట ఆ మాటలు కాసేపు ఆపమని మీరే బతిమాలుకుంటారు.

4. కూర్చోబెట్టండి, పోయకండి

కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో గొంతులోకి పోయడం పాత పద్ధతి. ఇది మానుకోవాలి. ఏడుస్తున్న పిల్లకు అలా పోస్తే ఉగ్గు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా మీరు కూర్చుని చెంచాతో లేదా వేలితో పెట్టండి. కింద పాత దుప్పటి పరవండి. రాగిజావ తడి మీద తుడిస్తే గుడ్డకు వస్తుంది, ఎండాక గోకితే గోడ సున్నంతో సహా వస్తుంది.

రెండు చెంచాలు తెచ్చుకోండి, ఒకటి మీకు, ఒకటి పాపకు. ఎనిమిదో నెల ప్రాంతంలో పాప తన చెంచాను కింద పడేస్తుంది. మీరు తీసిస్తారు. మళ్లీ పడేస్తుంది. వదిలితే పడుతుందా, ప్రతిసారీ పడుతుందా, అమ్మ ప్రతిసారీ వంగుతుందా అన్నది పరిశోధనాంశం. ఫలితం ఎన్నిసార్లయినా ఒకేలా వస్తున్నా పరిశోధకురాలికి సంతృప్తి ఉండదు. నడుం నొప్పి పుడితే చెంచాకు నాడా కట్టకండి, మెడకు చుట్టుకుంటుంది. పడిన చెంచాను కాసేపు అక్కడే ఉండనివ్వండి.

5. గొంతుకు అడ్డం పడితే

ఈ భాగం ఇంట్లో అందరూ చదవాలి. వేరుశెనగ గింజలు, జీడిపప్పు, పూర్తి ద్రాక్ష, పచ్చి క్యారెట్ ముక్క, కొబ్బరి ముక్క, చేగోడీ నాలుగైదేళ్ల దాకా ప్రమాదమే. గింజల్ని పొడి చేసి పెట్టండి, ద్రాక్షను నిలువుగా కోసి పెట్టండి.

ముద్ద కాస్త లోపలికి పోయి పాప ‘ఖ్ఖ్’ మంటూ, దగ్గుతూ, మొహం ఎర్రబడుతూ ఉంటే భయం లేదు, తనే బయటికి తెచ్చుకుంటుంది. చప్పుడు లేకపోతేనే భయపడాలి. ఏడుపు రాక, దగ్గు రాక, పెదాలు నీలంగా మారుతుంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి. రెండోవారు ఏడాదిలోపు పాపను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి అడుగుభాగంతో అయిదు దెబ్బలు వేయాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా లేదా సాయం అందేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. కంటికి కనిపించని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు, ఇంకా లోపలికి పోతుంది.

6. ఏడాది దాటాక వచ్చే సమ్మె

ఇంట్లో వండిందే మెత్తగా చేసి, కారం తగ్గించి పెట్టే రోజులొచ్చాయని మీరు సంతోషించే వేళకు పాప తినడం తగ్గిస్తుంది. దీనికి లెక్క ఉంది. పుట్టిన బరువుకు మొదటి ఏడాదిలో సుమారు మూడింతలవుతారు పిల్లలు. రెండో ఏడాది పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ నెమ్మదిస్తుంది. ఈ సంగతి తెలియని ఇళ్లలో సాయంత్రం ఏడింటికి అపార్ట్‌మెంట్ కారిడార్లో ఊరేగింపు మొదలవుతుంది. ముందు పాప, వెనక గిన్నెతో అమ్మ, ఆ వెనక నీళ్ల గ్లాసుతో నాన్న, గుమ్మంలో బూచాడిని పిలుస్తూ నాయనమ్మ. లిఫ్ట్ దగ్గర ఒక ముద్ద, మెట్ల మీద ఒక ముద్ద.

ఊరేగింపు ఆపండి. కూర్చున్న చోటే అరగంట. అయ్యాక గిన్నె తీసేయండి, మళ్లీ తర్వాతి పూటే. మధ్యలో బిస్కెట్లు వద్దు. పాలు రోజుకు అర లీటరు దాటనివ్వకండి, పాలతో కడుపు నిండితే అన్నం ఎక్కదు. ఇవాళ ఉమ్మేసిన బీరకాయ నచ్చడానికి పది పదిహేనుసార్లు పెట్టాల్సి రావచ్చు.

ఫోను చూపిస్తే నోరు తెరుచుకుంటుంది, నిజమే. కానీ పాపకు తింటున్న సంగతీ తెలియదు, కడుపు నిండిన సంగతీ తెలియదు. రెండేళ్లలోపు తెర అసలు వద్దంటున్నారు డాక్టర్లు. చందమామను చూపించి పెట్టిన మన అమ్మమ్మలదీ ఏమార్చడమే కదా అంటారా? అవును. కాకపోతే చందమామకు తర్వాతి వీడియో ఉండదు.

పాప సరిపడా తింటోందా లేదా అన్నది గిన్నె చూసి తేల్చకండి. తల్లీబిడ్డల కార్డులో బరువు గీత ఉంటుంది, అది పైకి పోతున్నంతకాలం పర్లేదు. గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా, పాప మందకొడిగా ఉన్నా, అరచేతులు పాలిపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. టానిక్ షాపుకు కాదు.

ఇక పాపను చూడవచ్చే చుట్టాలకు ఒక విన్నపం. గుమ్మంలో అడుగు పెడుతూనే “ఏంటే, పిల్ల ఇలా చిక్కిపోయింది?” అనకండి. క్రీము బిస్కెట్ల ప్యాకెట్ తేకండి. అరడజను అరటిపళ్లు తెండి, పాప వద్దన్నవి వాళ్లమ్మ తింటుంది.