వ్యాపార ఆలోచన: ముందు పరీక్ష, తర్వాత పెట్టుబడి

పరిచయం

"నాకు మంచి ఆలోచన వచ్చింది. అప్పు చేసి అయినా మొదలుపెడతాను." ఇలాంటి మాట మీరు విని ఉంటారు. బహుశా మీరే అని ఉంటారు. ఆలోచన మంచిదే కావచ్చు. కాని దాన్ని పరీక్షించకుండా ఇంట్లో ఉన్న బంగారం కుదువ పెడితే, లోపం తెలిసేసరికి బంగారం చేజారిపోతుంది. ఆ లోపాన్ని తక్కువ ఖర్చుతో, ముందుగానే తెలుసుకొనే పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకుందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• మెచ్చుకోలుకూ, కొనుగోలుకూ గల తేడాను చెప్పగలుగుతారు.
• ఒక చిన్న పరీక్షకు లెక్క వేయగలుగుతారు.
• పరీక్ష ఫలితాన్ని బట్టి నిర్ణయం తీసుకోగలుగుతారు.

1. ఒక నిజమైన ఉదాహరణ

2005 దీపావళికి ఇంటికి వెళ్ళడానికి బెంగళూరులో ఇంజనీరుగా పనిచేస్తున్న తెలుగు యువకుడు ఫణీంద్ర సామకు బస్సు టికెట్టు దొరకలేదు. ఏజెంట్ల చుట్టూ తిరిగినా ఫలితం లేకపోయింది. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒకేచోట తెలిసే ఏర్పాటు లేదని ఆయన గ్రహించాడు. పిలానీలో తనతో చదువుకున్న సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి, బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. కాని దాన్ని వాడటానికి యజమానులు ముందుకు రాలేదు.

ఎందుకు? ఆలోచించండి. టికెట్టు దొరకని బాధ ప్రయాణికుడిది. పండుగనాడు యజమాని బస్సు ఎలాగూ నిండుతుంది. సమస్య నిజమైనదే, కాని పరిష్కారాన్ని తీసుకువెళ్ళింది ఆ బాధ లేని వ్యక్తి దగ్గరకు.

అప్పుడు ముగ్గురూ దారి మార్చారు. యజమానుల దగ్గర కొద్ది సీట్లు మాత్రమే తీసుకొని, 2006లో ఇంటర్నెట్ ద్వారా నేరుగా ప్రయాణికులకే అమ్మడం మొదలుపెట్టారు. సీట్లు అమ్ముడయ్యాయి. అదే రెడ్‌బస్ సంస్థ. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొనుగోలు చేసింది.

మొదటి ప్రయత్నం విఫలమైనా వారి శ్రమ వృథా కాలేదు. ఎవరికి అమ్మాలో అదే నేర్పింది.

2. మీ ఆలోచనకు పరీక్ష

మీరు సూరత్ నగరం పక్కన, హజీరా వెళ్ళే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్‌లో ఉంటున్నారనుకోండి. అక్కడ పారిశ్రామికవాడ ఉంది, వజ్రాభరణాల పార్కు ఉంది. బతుకుతెరువు కోసం సూరత్ చేరిన తెలుగువారు చాలామంది. "ఇక్కడ పనిచేసే మనవాళ్ళకు పప్పు, పులుసుతో భోజనం కేరేజీలు పంపితే?" అని మీకు తోచింది.

పదిమందిని అడిగితే పదిమందీ "చాలా బాగుంటుంది" అంటారు. మాట అనడానికి డబ్బు ఖర్చు కాదు. కాబట్టి "బాగుంటుందా?" అని అడగకండి. "సోమవారం నుంచి కేరేజీ పంపుతాను, అరవై రూపాయలు, మొదటిరోజు డబ్బు ఇప్పుడే ఇస్తారా?" అని అడగండి. జేబులో చెయ్యి పెట్టినవారే మీ ఖాతాదారులు.

ఇంట్లో ఉన్న గిన్నెలతోనే రోజుకు 10 కేరేజీలు చొప్పున 5 రోజులు చేసి చూడండి. లెక్క ఇలా ఉందనుకుందాం:

సరుకులు, గ్యాసు: 50 కేరేజీలకు, ఒక్కొక్కటి రూ. 40 చొప్పున – రూ. 2,000
చేరవేసే ఖర్చు – రూ. 300
మొత్తం ఖర్చు – రూ. 2,300

యాభైకి యాభై అమ్ముడైతే రాబడి రూ. 3,000, మిగులు రూ. 700. మీరు రోజుకు నాలుగు గంటలు పనిచేస్తే మొత్తం 20 గంటలు. అంటే గంటకు రూ. 35. ఈ కూలి మీకు సరిపోతుందా? చాలామంది తమ శ్రమను లెక్కలో వేసుకోరు.

35 మాత్రమే అమ్ముడైతే రాబడి రూ. 2,100, నష్టం రూ. 200. కొత్త పాత్రలు కొని, గది అద్దెకు తీసుకొన్నాక ఈ సంగతి తెలిస్తే నష్టం వేలల్లో ఉండేది.

3. గుర్తుంచుకోవలసిన మూడు విషయాలు

(అ) ఎన్ని అమ్ముడైతే కొనసాగించాలో పరీక్షకు ముందే కాగితంమీద రాసిపెట్టుకోండి. తర్వాత రాస్తే మనసు అంకెలను తనకు అనుకూలంగా మార్చుకుంటుంది.

(ఆ) మొదటిరోజు బంధువులు, స్నేహితులు అభిమానంతో కొంటారు. నాలుగో రోజు, అయిదో రోజు ఎవరు కొన్నారో చూడండి.

(ఇ) కొననివారిని కారణం అడగండి. రుచి నచ్చలేదా? షిఫ్టు వేళకు అందలేదా? ఫ్యాక్టరీ క్యాంటీనులో ఇంకా చౌకగా దొరుకుతుందా? రుచినీ వేళనూ మార్చుకోవచ్చు. క్యాంటీను ధరతో పోటీపడలేకపోతే ఆ ఆలోచనను వదలుకోవడమే లాభం.

పాఠ్యగత ప్రశ్నలు

1. పై లెక్కలో నష్టం రాకుండా ఉండాలంటే కనీసం ఎన్ని కేరేజీలు అమ్ముడు కావాలి?
2. ధర రూ. 65 చేస్తే ఎన్ని?

మీరు నేర్చుకున్నవి

సమస్య ఎవరిదో, డబ్బు ఇచ్చేది ఎవరో విడివిడిగా చూడాలి. మెచ్చుకోలు కొనుగోలు కాదు. పోగొట్టుకున్నా తట్టుకోగలిగినంతే పరీక్షకు ఖర్చుపెట్టాలి. పరీక్షలో ఓడింది ఆలోచన, మీరు కాదు.

చేసి చూడండి

మీకున్న ఒక ఆలోచనను ఒక వాక్యంలో రాయండి. దాన్ని వారం రోజుల్లో, మీ ఇంట్లో ఉన్న వస్తువులతో పరీక్షించడానికి లెక్క వేయండి.

జవాబులు: 1. 39 2. 36