నుదుటి అక్కి – కంటిపాప

అక్కి లేచినచో కుమ్మరివారిచేత జాజుతో సింహపు బొమ్మ వ్రాయించుకొనుట మన పల్నాటి పల్లెలలో తరతరాల ఆచారము. నడుముపై లేచినదానికి వ్రాయించుకొన్నచో నేను కాదనను. నుదుటిపై లేచినచో మాత్రము ఒక్క పూటయైనను జాగు చేయరాదు.

బాల్యమున ఆటలమ్మ పోసినపుడు దేహమున చేరిన వైరస్ నాడీమూలములలో అణగియుండి, వార్ధక్యమునగాని బలము తగ్గినపుడుగాని మరల లేచును. అదియే అక్కి. నుదుటికి, కంటికి, ముక్కుకొనకు శాఖలనిచ్చు నాడి ఒక్కటే. కావున ముక్కుకొనపై పొక్కు కనబడినచో కంటికి ముప్పు పొంచియున్నట్లే. పాప చుట్టునుండు రంగుపొర వాచి, పాప వెలుతురునకు సరిగా ముడుచుకొనదు. అరుదుగా దృష్టినాడియే వాచును. అప్పుడు కన్ను పైకి బాగుగనే యున్నను చూపు మసకబారి, ఎరుపు వెలిసినట్లు తోచును.

మాచర్ల దిక్కునుండి ఒక మిరపరైతు ఆరవనాడు నా వద్దకు వచ్చెను. అప్పటికే ఎవరో చెప్పిరని కంటిలో ఆకుపసరు పిండుకొనియుండెను! కుడిపాప చిన్నదై, అంచు వంకరపోయినది. పూర్వమైనచో నేనే త్రిఫలా జలముతో కడిగి కాలము గడిపియుందును. ఆనాడు మాత్రము వెంటనే నరసరావుపేట కంటివైద్యుని వద్దకు పంపితిని. చూపు నిలిచినది గాని మునుపటివలె లేదు.

ఎసైక్లోవిర్ మాత్రలు 72 గంటలలోపల మొదలిడినచో కంటికి హాని చాలవరకు తగ్గును. గడువు దాటినను కంటివైద్యునికి చూపవలసినదే. చుక్కల మందు ఆయన చెప్పినదే వేయవలెను. నేనిచ్చునది పథ్యము మాత్రమే: పాతబియ్యపు జావ, పెసరకట్టు. పొక్కులు ఎండువరకు ఆటలమ్మ పోయని పిల్లలను, గర్భిణులను రోగి చెంతకు రానీయరాదు.