ముక్కోపియగు నేర్పరిని జట్టులో చేర్చుకొనవచ్చునా?

విద్యార్థులారా! గోలులు కొట్టుటలోను, కోపించుటలోను సాటిలేని ఆటగాడొకడున్నచో, అతనిని ఫుట్‌బాలు జట్టువారు చేర్చుకొనవలెనా? ఒక నిజవృత్తాంతమును పరిశీలింతము.

ఫ్రాన్సు దేశీయుడగు ఎరిక్ కాంటొనా 1991లో రిఫరీపైకి బంతి విసరి శిక్ష పొందెను. అట్టివానిని 1992 నవంబరులో ఇంగ్లండునందలి మాంచెస్టర్ యునైటెడ్ చేర్చుకొనెను. 1967 తరువాత లీగు విజయమెరుగని ఆ జట్టు 1993, 1994లలో విజేతయయ్యెను. కాని 1995 జనవరి 25న రిఫరీచే మైదానమునుండి పంపివేయబడి పోవుచు, తన్ను దూషించిన ప్రేక్షకుని అతడు ఎగిరి తన్నెను. సెప్టెంబరు తుదివరకు నిషేధము కలిగెను. ఆ యేడు ఒక్క పాయింటు తేడాతో లీగు చేజారినది. తిరిగి వచ్చినపిదప, 1996లో ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీలో నాయకుడై ఏకైక గోలు కొట్టి గెలిపించెను.

ఇందలి లెక్క గమనింపుడు. పంపివేయబడినవాని స్థానమున వేరొకడు దిగరాదు. మిగిలినవారే ఆ భారమును మోయవలెను. కోపమొకనిది, ఆయాసము పదిమందిది!

కావున ఒక్కనిపై ఆధారపడని జట్టే అట్టివానిని భరింపగలదు. 1956 వరకు మన ఔరాదు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచినది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మనవలె ఉపాధ్యాయవృత్తిలోనివాడే. బంతిని తనయొద్దనే ఉంచుకొనక తోటివారికి అందించుటనే ఆయన నేర్పెను.

నేర్పరిని చేర్చుకొనుడు, కాని ముందుగా ఆ పదిమందిని అడుగుడు. మన పాఠశాల జట్టునకును ఇదియే నీతి.